పారవేయదగిన దేది? – గిట్ భాండాగారపు శుభ్రత

హైదరాబాదు, బెంగుళూరులు మొదలుకొని అమెరికా వరకు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు వృత్తిలో తెలుగువారు అనేకు లున్నారు. వారి సంభాషణలందు ‘రిపో’ అను మాట మాటిమాటికి వినవచ్చును. ఇంటి పెద్దలు దానిని ఒక యంత్రమనియో, ఆఫీసులోని యొక గది యనియో తలంతురు. అది రిపాజిటరీ యను మాటకు కుదింపు. వ్రాసిన ప్రోగ్రామును, దానికి నానాటికి చేసిన మార్పుల నన్నిటిని, ఏ మార్పును ఎవరు ఎప్పుడు ఎందులకు చేసిరో ఆ వివరముతో కూడ పదిలపరచు కొట్టు అది. ఆ కొట్టులో ఏది సొత్తు, ఏది చెత్త, చెత్తను ఎప్పుడు ఊడ్వవలెను అను విషయమును గూర్చి నేడు మేము కొన్ని మాటలు చెప్పదలచితిమి. ఇది ఆ వృత్తివారికి మాత్రమే పనికివచ్చు ముచ్చట యని శ్రోతలు రేడియో కట్టివేయ నక్కరలేదు. లక్షలమంది సమాచారమునకు కాపున్న తాళపుచెవి పరులపాలగుటయు, ఒకరి నెలల కష్టము మాయమగుటయు ఈ ఊడ్పుమీద ఆధారపడి యున్నవి.

ఒకే వ్రాతను పలువురు దిద్దినప్పుడు పాఠములు చెదరిపోవుట మనకు తెలియని సంగతి కాదు. బ్రౌను దొర తాళపత్ర ప్రతులను పెక్కింటిని సేకరించి పండితులచే సరిపోల్పించినది ఆ చెదరిన పాఠములను ఒక త్రోవకు తెచ్చుటకే గదా. ప్రోగ్రాములు వ్రాయువారికిని ఈ బాధ ఆదినుండి కలదు. 1972లో అమెరికాలోని బెల్ లాబరేటరీలలో మార్క్ రాచ్‌కిండ్ ఎస్.సి.సి.ఎస్. అను పద్ధతిని కల్పించెను. ఆ తరువాత ఆర్.సి.ఎస్., సి.వి.ఎస్., సబ్‌వెర్షన్ అనునవి ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. లినక్స్ కెర్నెలును వ్రాయువారు బిట్‌కీపర్ అను వ్యాపారపు సరకును కొంతకాలము ఉచితముగా వాడుకొనుచుండిరి. 2005లో ఆ ఉచితపు సదుపాయము తొలగిపోయినది. అంతట లినస్ టోర్వాల్డ్స్ ఆ యేప్రిలు మాసముననే గిట్ అను క్రొత్త సాధనమును వ్రాయ మొదలిడెను. అదే సంవత్సరము జూలైలో దాని నిర్వహణము జునియో హమానో చేతికి వచ్చినది. నేడు ప్రోగ్రాములు వ్రాయువారిలో అత్యధికులు వాడుచున్నది ఈ గిట్‌నే. కావున మా మాటలన్నియు దానినిగూర్చియే.

గిట్ కొట్టులోని వస్తువులకు పేరుపెట్టు విధము చిత్రముగా నుండును. మనము బిడ్డకు పేరు పెట్టినట్లు ఎవరో కూర్చుండి దానికి పేరు పెట్టరు. వస్తువులోని సరకునుబట్టియే దాని పేరు పుట్టును. ఆ సరకును ఎస్.హెచ్.ఏ.–1 అను గణితపు యంత్రములో వేయగా నలువది గుర్తులుగల పేరొకటి వెలువడును. సరకులో ఒక్క కామా మారినను పేరు పూర్తిగా మారును. వస్తువులు నాలుగు జాతులు. ఫైలులోని విషయము బ్లాబ్. ఏ పేరుగల ఫైలు ఏ బ్లాబో తెలుపు పట్టిక ట్రీ. ఒకానొక సమయమున మొత్తము పని యెట్లున్నదో, అట్లుంచిన వారెవరో తెలుపు పత్రము కమిట్. ముఖ్యమైనవానికి గుర్తుగా కట్టు చీటి ట్యాగ్.

ఇందులో కమిట్ సంగతి శ్రోతలు కొంచెము శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. ప్రతి కమిట్‌లోను దానికి ముందున్న కమిట్ పేరు వ్రాయబడి యుండును. తరువాత వచ్చునది ఏదో దానికి తెలియదు. మనవారు ప్రవర చెప్పునట్టిదే యిది. తనపేరునుండి వెనుకకు ఋషుల వరకు పోవచ్చును. ఋషిని అడిగిన తన సంతతి నేడు ఏ యూరిలో నున్నదో చెప్పజాలడు. కావున ఒక శాఖకు కడపటనున్న కమిట్ పేరు మనకు జ్ఞాపకమున్నంతకాలము ఆ వంశమంతయు చేతిలో నుండును. ఆ కడపటి పేరు మరచితిమా, వస్తువులన్నియు కొట్టులోనే యున్నను త్రోవ తెగిపోవును. బ్రాంచి యని వారు పిలుచునది ఆ కడపటి పేరును వ్రాసియుంచిన చిన్న చీటియే. నలువది గుర్తులు, ఒక పంక్తి, అంతే. బ్రాంచిని తీసివేయుట యనగా ఆ చీటిని చింపుటయే గాని పనిని చింపుట కాదు.

చెత్త పుట్టుట ఇచ్చటనే. ఒకడు కమిట్ చేసి, అందులో తప్పును కనుగొని, దిద్దినాననుకొనును. నిజమునకు గిట్‌లో దిద్దుట లేదు. సరకు మారిన పేరు మారవలెను గనుక క్రొత్త కమిట్ పుట్టును, చీటి దానివైపు తిరుగును, పాతది దిక్కులేనిదై మూలకు చేరును. పది కమిట్లను క్రమము మార్చి తిరిగి పేర్చుటకు రీబేస్ అని పేరు. అట్లు పేర్చిన పది క్రొత్తవి పుట్టును, పది పాతవి మిగులును. కమిట్ చేయుదమని ఫైలును సిద్ధముచేసి, మరల మనసు మార్చుకొనినను ఒక బ్లాబ్ మిగిలిపోవును. ఈ దిక్కులేని వస్తువులు రోజుకు పదియో యిరువదియో పుట్టుచుండును. సంవత్సరములు గడచిన కొట్టులో ఇవి వేలకు వేలుగా నుండును.

వీనిని ఊడ్చు ఆజ్ఞకు ‘గిట్ జి.సి.’ అని పేరు. ఆ రెండక్షరములు గార్బేజ్ కలెక్షన్ అను మాటకు సంక్షేపము. చెత్తను ప్రోగుచేయుట యని యర్థము. మాట పాతది. 1960లో లిస్ప్ భాషనుగూర్చి జాన్ మెకార్తీ ప్రకటించిన వ్యాసములో ఈ యుపాయము కనబడును. చెత్త యేదని వెదకుట వ్యర్థము. సొత్తు ఏదో గుర్తించి, గుర్తు పడనిదానిని చెత్తగా నెంచవలెను. గిట్ చేయునదియు నిదే. బ్రాంచి చీటులు, ట్యాగులు, ప్రస్తుతము పనిచేయుచున్న చోటు, కమిట్‌కై సిద్ధపరచిన పట్టిక, ప్రక్కన దాచియుంచిన అసంపూర్ణపు పనులు – వీనినన్నిటిని వ్రేళ్ళుగా గ్రహించి, ఒక్కొక్క వ్రేలినుండి బయలుదేరి, అందినంతవరకు అన్నిటికిని గుర్తు పెట్టుకొని పోవును. గుర్తుపడని దానిని చెత్త యనును.

వ్రేళ్ళలో మేము చెప్పక మిగిల్చినది ఒకటి యున్నది. అది రెఫ్‌లాగ్, చీటుల దినచర్య యనవచ్చును. ఏ చీటి నిన్న ఎచ్చట నుండెనో, నేడు ఎచ్చటికి జరిగెనో పంక్తి పంక్తిగా అందులో నమోదగుచుండును. చీటి తిరిగిపోయినను దినచర్యలోని పాతపేరు ఆ కమిట్‌ను కాపాడుచునే యుండును. మామూలు ఏర్పాటులో ఈ దినచర్య పంక్తులు 90 దినములు నిలుచును; చీటి యిప్పుడున్న చోటినుండి అందరాని కమిట్లను తెలుపు పంక్తులు మాత్రము 30 దినములే. దిద్దిన కమిట్‌కు పూర్వరూపము ఈ రెండవ తెగకు చెందును. దినచర్యయు మరచినవానికి సైతము మరియొక గడువు కలదు. పుట్టి రెండు వారములు నిండని వస్తువును జి.సి. తుడిచివేయదు.

ఊడ్పు ఎప్పుడు జరుగవలెనన్న ప్రశ్నకు గిట్ నిర్మాతలు కనుగొన్న సమాధానము మాకు మిక్కిలి నచ్చినది. కొన్ని ఆజ్ఞల వెనుక జి.సి. తనంతట తానే వచ్చి, ఊడ్వవలసిన యవసర మున్నదా యని చూచి పోవును. విడివిడిగా పడియున్న వస్తువులు సుమారు 6700 దాటిన ఊడ్వవలెనని దీర్ఘకాలముగా ఉన్న ఏర్పాటు. అయితే ప్రతిమారు వేలకొలది వస్తువులను లెక్కించుచు కూర్చుండిన పని సాగునా? వస్తువు పేరులోని మొదటి రెండు గుర్తులనుబట్టి దానిని 256 అరలలో నొకదానియందు ఉంచుదురు. పేర్లు గణితమునుండి పుట్టినవి గనుక ఏ యరలోను ఎక్కువ తక్కువలు ఉండవు. ఇంచుమించు సమముగా పడును. కావున జి.సి. ‘17’ అను ఒక్క యరను మాత్రము తెరచి చూచును. అందులో 27కు మించి యున్న మొత్తము 6700 దాటినట్లే. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండనంతయు గ్రుమ్మరింపక ఒక్క మెతుకు పట్టిచూచు మన యిల్లాలి లెక్కయే యిది. పదునేడవ యరనే యేల యెంచిరని అడుగకుడు. ఏ యరయైనను ఒకటే!

జి.సి. చీపురు పట్టుటయే గాక సర్దుటయు చేయును. విడివిడి వస్తువులను మూటగట్టి ప్యాక్ ఫైలు అను ఒక్క మూటలో పెట్టును. ఒకే ఫైలునకు నూరు పాఠములున్నచో నూరును పూర్తిగా దాచదు. ఒకదానిని పూర్తిగా నుంచి, తక్కినవానికి దానికిని గల భేదమును మాత్రము వ్రాసికొనును. సాధారణముగా క్రొత్తపాఠమే పూర్తిగా నిలుచును. తరుచుగా అడుగబడునది అదే గనుక. ఈ సర్దుటవలన కలుగు ఆదా ఊడ్చుటవలన కలుగు ఆదాకంటె తరుచుగా ఎక్కువ. ఈ సంగతి తెలియనివారు చీపురునే పొగడుదురు.

ఇంతవరకు దిక్కులేనివానిని గూర్చి చెప్పితిమి. కొట్టును నిజముగా బరువెక్కించునవి తరుచుగా దిక్కున్నవే. ఒకరు పొరపాటున పెద్ద వీడియో ఫైలునో, డేటాబేసు నకలునో కమిట్ చేయుదురు. మరునాడు చూచుకొని, దానిని తీసివేసి మరల కమిట్ చేయుదురు. కంటికి కనబడదు గనుక పోయినదని నమ్ముదురు. జి.సి.ని పదిమార్లు పిలిచినను కొట్టు చిక్కదు. ఏల చిక్కును? నిన్నటి కమిట్ వంశములో నున్నది. దానినుండి ఆ ఫైలు అందుచునే యున్నది. నిన్న అది ఉండెను, నేడు లేదు అను చరిత్రను కాపాడుటకే గదా ఆ కొట్టు కట్టినది. ఈ కారణముననే గిట్‌హబ్ వంటి నెలవులు 100 మెగాబైట్లకు మించిన ఫైలును గడప దాటనీయవు.

అట్టిదానిని నిజముగా తీయవలెనన్న చరిత్రనే తిరుగ వ్రాయవలెను. పూర్వము ‘ఫిల్టర్-బ్రాంచ్’ అను ఆజ్ఞ వాడుచుండిరి. అది నత్తనడక నడచునదియు, ప్రమాదకరమైనదియు నని గిట్ పత్రములే హెచ్చరించి, ‘ఫిల్టర్-రిపో’ అను వేరొక సాధనమును వాడుమని చెప్పుచున్నవి. బి.ఎఫ్.జి. యను మరియొక సాధనమును కలదు. ఏది వాడినను ఫలితమొక్కటే. ఆ ఫైలు పుట్టిన కమిట్ మొదలు నేటివరకు ప్రతి కమిట్ పేరును మారిపోవును. తండ్రి పేరు మారినచో కుమారుని ప్రవర మారును, మనుమని ప్రవర మారును. ఆ కొట్టునుండి నకలు తీసికొనిన ప్రతివారును తమ పాత నకలును విడిచి క్రొత్తది తీసికొనవలెను. వారిలో ఒక్కరు ఏమరి తమ పాత నకలునుండి పనిని తిరిగి పంపిరేని, గెంటివేసిన దంతయు ముందుద్వారమున లోనికి వచ్చును. కావున ఈ పనిని ఆరంభించుటకు పూర్వమే అందరికిని కబురుచేసి, ఒక దినమును నిర్ణయించుకొనుట ఉచితము. ఫిల్టర్-రిపో తానును జాగ్రత్తపరురాలే. క్రొత్తగా తీసిన నకలుమీద గాని, బలవంతపెట్టిన గాని పనిచేయదు.

బరువు పెరిగిన నష్టము కొంత చోటు, కొంత కాలము. ఆ చరిత్రలో చిక్కుకొనినది తాళపుచెవి యైనచో? మేము పైన ఎత్తుకొనిన మాటకు ఇప్పుడు వచ్చితిమి. 2016లో ఇద్దరు దుండగులు ఉబర్ సంస్థవారి ఇంజినీర్లు వాడుచుండిన ఒక గిట్‌హబ్ కొట్టులో చొరబడిరి. అందులో సమాచారపు గిడ్డంగికి సంబంధించిన సంకేతపదములు వారికి దొరికినవి. ఆ త్రోవను ప్రపంచవ్యాప్తముగా 5 కోట్ల 70 లక్షలమంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరములు వారి చేతబడినవి. ఈ సంగతి 2017 నవంబరులో గాని లోకమునకు తెలియలేదు. అది పరులకు మూసియుంచిన కొట్టు. అందరికిని తెరచియుంచిన కొట్టులలో సంకేతపదములను వెదకి పట్టుటకై యంత్రములను కావలిపెట్టి కూర్చుండువారు కలరు.

అట్టి పొరపాటు జరిగినప్పుడు మొదట కలుగు బుద్ధి, దానిని చెరిపివేసి ఊరకుండుట. చెరిపిన పోదని పైన చూచితిమి. చరిత్రను తిరుగ వ్రాసినను పూర్తిగా పోదు. గిట్‌హబ్‌లో ఒక కొట్టునకు పుట్టిన పిల్లకొట్టులు తల్లితో ఉమ్మడి నిల్వను పంచుకొనును. పాత కమిట్ యొక్క నలువదిగుర్తుల పేరు తెలిసినవాడు దానిని తరువాతను తెరచి చూడగలడు. మార్పులను చర్చించిన పుటలలోను అది నిలిచియుండవచ్చును. అట్టివానిని తొలగింప తమకు వ్రాయుడని గిట్‌హబ్ వారి సహాయపత్రములే చెప్పుచున్నవి. ఆ లోపుగా ఎందరు నకలు తీసికొనిరో లెక్కయే లేదు. అందుచేత ఇంటితాళపుచెవి వీథిలో పడినవాడు చేయు పనినే ఇచ్చటను మొదట చేయవలెను, తాళము మార్చవలెను. పాత సంకేతపదమును వెంటనే రద్దుచేసి క్రొత్తది పెట్టుకొనవలెను. చరిత్రను శుభ్రపరచుట ఆ తరువాతి ముచ్చట. ఒక్కొక్కప్పుడు అది అక్కరయే యుండదు. క్రమము తారుమారైన చోట, ఊడ్పు సాగుచుండగనే దొంగ పని ముగించుకొని పోవును.

రెండవ వైపున, ఊడ్వగూడనిదానిని ఊడ్చుట. క్రొత్తగా చేరిన కుర్రవాడు ‘రీసెట్ హార్డ్’ అను కఠినమైన ఆజ్ఞ నిచ్చి, మూడు దినముల పని పోయినదని బెంబేలుపడును. కమిట్ చేసినది ఏదియు పోలేదు. రెఫ్‌లాగ్ తెరచి పాతపేరు చూచి చీటిని అచ్చటికి త్రిప్పిన చాలును. బ్రాంచిని తీసివేసినచో దాని దినచర్యయు దానితోనే పోవును గాని, తాను ఆ బ్రాంచిలో నిలిచి పనిచేసియున్నచో ‘హెడ్’ అను చీటి దినచర్యలో ఆ యడుగుజాడ మిగిలియుండును. ప్రక్కన దాచిన పనిని, అనగా స్టాష్‌ను, పారవేసినప్పుడు చిక్కు హెచ్చు. అది ఏ దినచర్యలోను దొరకదు. ‘గిట్ ఎఫ్.ఎస్.సి.కె.’ అను తనిఖీ ఆజ్ఞకు ‘లాస్ట్-ఫౌండ్’ అను మాట చేర్చి పిలిచిన, దిక్కులేని వస్తువులను వెలికితీసి ఒకచోట పెట్టును. వానిలో తన దేదో తెరచి చూచుకొనవలెను. కమిట్‌కై సిద్ధము సైతము చేయక, ఊరక ఫైలులో వ్రాసియుంచినది మాత్రము గిట్ ఎన్నడును చూడలేదు గనుక తిరిగి యీయజాలదు.

ఈ రక్షణ యంతయు ఆ రెండు వారముల గడువుమీద, ఆ 30 దినముల దినచర్యమీద నిలిచియున్నది. అట్లుండగా, చోటు చాలదని ‘ఇప్పుడే తుడువుము’ అను మాట చేర్చి ఊడ్పు ఆజ్ఞ నిచ్చుట కొందరికి అలవాటు. మా యభిప్రాయములో, సంకేతపదమునో పెద్ద ఫైలునో చరిత్రనుండి తీసిన సందర్భమున దప్ప అట్టి తొందర తగదు. ఆ క్షణముననే మరియొక ప్రోగ్రాము కొట్టులో వస్తువును పెట్టుచుండవచ్చును. వస్తువు ముందు పుట్టును, చీటి తరువాత తగులును. ఆ రెంటి నడుమ చీపురు వచ్చిన నిన్న మొన్న పుట్టిన పసిగుడ్డు చెత్తలో పోవును, కొట్టు చెడును. గిట్ పత్రములందు ఈ హెచ్చరిక స్పష్టముగా నున్నది.

ఉమ్మడిగోడ సంగతియు ఇట్టిదే. చోటు కలిసివచ్చునని ఒక కొట్టు వస్తువులను వేరొక కొట్టు అరువుగా వాడుకొనునట్లు నకలు తీయుట కలదు. దానికి ‘షేర్డ్ క్లోన్’ అని పేరు. అసలు కొట్టువాడు తన చీటిని చింపి ఊడ్చుకొనును. తన లెక్కలో అది చెత్తయే. ప్రక్కయింటివాని దూలము ఆ గోడమీదనే ఆనియున్నదని అతనికి తెలియదు, గోడకును తెలియదు. దూలము కూలును. అరువు తీసికొనినవానికి తన కొట్టు పాడైనదని కొన్నివారములకు గాని తెలియకపోవచ్చును. కాబట్టి ఇట్టి యేర్పాటున్న చోట ఊడ్పు యజమానుని సొంతపని కాదు.

ఇటీవలి గిట్‌లో కొన్ని మేలిమార్పులు వచ్చినవి. 2020 నుండి ‘మెయిన్‌టెనెన్స్’ అను ఆజ్ఞ ఈ సర్దుబాట్లను వేళప్రకారము కొద్దికొద్దిగా చేయుచున్నది. 2022లో ‘క్రఫ్ట్ ప్యాక్’ వచ్చినది. గడువు నిండని చెత్తను పూర్వము విడివిడిగా చల్లి యుంచెడివారు. ఇప్పుడు దానినంతయు ఒక మూటగట్టి, ఏ వస్తువు ఎప్పటిదో ప్రక్కన పట్టిక వ్రాసి పెట్టుదురు. 2023 నుండి జి.సి.కి ఇదియే మామూలు పద్ధతి. పెద్ద కొట్టులు నడుపువారికి దీనివలన ప్రాణము లేచివచ్చినది.

కడపట ఒక్క సంగతి మిగిలినది. దినచర్య యున్నది గదా యని ధైర్యముగా నుండువారు అది తమ యంత్రములోనే యున్నదని గ్రహింపవలెను. అందరును పనిని పంపు నడుమకొట్టులో, అనగా పనిచేయుచోటు లేని సర్వరు కొట్టులో, మామూలు ఏర్పాటున రెఫ్‌లాగ్ వ్రాయబడదు. అచ్చట ఎవరైన బ్రాంచిని తీసివేసినను, బలవంతముగా త్రిప్పినను, పాత పేరును చెప్పు కాగితము లేదు. రెండు వారముల గడువు మాత్రమే కాపు. కనుక అచ్చట పని పోయినప్పుడు సర్వరును తవ్వుటకు పూర్వము, ఆ బ్రాంచిని మొన్నటివరకు తెచ్చుకొని పనిచేసినవారు ఎవరో విచారింపవలెను. వారి యంత్రములో ఆ కమిట్ పేరు ఇంకను ఉండియుండును. వారు మరల దిగుమతి చేసికొనక మునుపే, ఊడ్పు ఆజ్ఞ యీయక మునుపే అడుగవలెను.